సరిహద్దు ప్లీడరు పీటర్ బర్నెట్

మా ఆఫీసులో చేరిన ప్రతి జూనియరుకూ నేను చాలా ఏళ్లపాటు ఒక కథ చెబుతూ వచ్చాను. వకీలు వృత్తి అంటే ఫీజులూ వాయిదాలూ మాత్రమే కాదని ఆ కుర్రవాళ్లకు కాస్త నమ్మకం కలిగించాలని నా తాపత్రయం.

కథ జరిగింది అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో, లిబర్టీ అనే చిన్న ఊళ్లో, 1839 తొలి రోజుల్లో. అంతకు కొద్ది నెలల ముందు, 1838 అక్టోబరు 27న, ఆ రాష్ట్ర గవర్నరు లిల్‌బర్న్ బాగ్స్ ఒక ఉత్తర్వు జారీ చేశాడు. మార్మన్లు అనే కొత్త మతశాఖ వారిని శత్రువులుగా పరిగణించాలనీ, వారిని నిర్మూలించాలి లేదా రాష్ట్రం నుంచి తరిమెయ్యాలనీ దాని సారాంశం. మూడు రోజుల తర్వాత హాన్స్ మిల్ అనే చోట సాయుధ మూక విరుచుకుపడి 17 మంది మార్మన్లను చంపింది. వారి నాయకుడు జోసెఫ్ స్మిత్‌ను, అతని సహచరులను పట్టుకున్నారు. అప్పటికప్పుడు కాల్చెయ్యమని పై అధికారి ఆజ్ఞాపిస్తే, స్థానిక సేనాదళం నాయకుడూ, వృత్తిరీత్యా వకీలూ అయిన డానిఫన్ అది హత్య అవుతుందని ఎదురు తిరిగాడు. ఖైదీలు లిబర్టీ జైలుకు చేరారు.

వారి తరఫున వకాల్తా పుచ్చుకున్న వారిలో డానిఫన్ ఒకడు, పీటర్ బర్నెట్ మరొకడు. విచారణ రోజున గది కిక్కిరిసిపోయింది. ఖైదీలను లాక్కుపోయి ఉరి తీస్తారేమోనని వకీళ్లకు భయం. ముందు బర్నెట్ వాదించాడు. ముగింపు వాదనకు డానిఫన్ లేచినప్పుడు బర్నెట్ అతని చెవిలో చెప్పాడట: సంకోచించకుండా మనసులో ఉన్నదంతా మాట్లాడు, నీమీద చెయ్యెత్తిన మొదటివాణ్ణి నేను చంపుతాను అని. డానిఫన్ అలాగే మాట్లాడాడు. ఖైదీల్లో సిడ్నీ రిగ్డన్‌ను జడ్జి విడుదల చేశాడు. స్మిత్ మొదలైనవారు మళ్లీ జైలుకు వెళ్లినా, ఏప్రిల్‌లో వేరే కోర్టుకు తరలిస్తుండగా తప్పించుకున్నారు.

ఇక్కడ నేను కథ ఆపేవాణ్ణి. జూనియర్ల కళ్లు మెరిసేవి. నాకూ తృప్తిగా ఉండేది.

ఈ ఘట్టం బర్నెట్ స్వయంగా రాసుకున్న ఆత్మకథలోది. 1880లో, 72 ఏళ్ల వయసులో ప్రచురించాడు. నాకు తెలిసిందల్లా ఆ ఒక్క ఘట్టమే. పుస్తకం మొత్తం చేతికి వచ్చింది చాలా ఆలస్యంగా. చదివాక ఆ కథ చెప్పడం కొంతకాలం మానేశాను. ఎందుకు మానేశానో చెప్పడానికే ఈ వ్యాసం.

మన పాఠకులకు అమెరికా పశ్చిమ ప్రాంతం ముఖ్యంగా కౌబాయ్ సినిమాల ద్వారా తెలుసు. 1971లో కృష్ణ నటించిన ‘మోసగాళ్లకు మోసగాడు’ వచ్చాక ఆ గుర్రాలూ తుపాకులూ మన సొంతం కూడా అయిపోయాయి. ఆ సినిమాల్లో షెరీఫ్ ఉంటాడు, బందిపోటు ఉంటాడు, సారాకొట్టు యజమాని ఉంటాడు. ప్లీడరు మాత్రం ఎక్కడా కనపడడు. నిజానికి తెల్లవారి వలస పడమటికి జరుగుతున్న కొద్దీ దాని అంచున, అంటే అమెరికన్లు సరిహద్దు అని పిలిచే చోట, నాగలితోపాటే ప్లీడరూ దిగేవాడు. భూమి చేతులు మారుతున్న చోట కాగితం రాసేవాడు లేకుండా ఎట్లా గడుస్తుంది?

బర్నెట్ 1807లో టెనెసీ రాష్ట్రంలోని నాష్‌విల్‌లో పుట్టాడు. తండ్రి వడ్రంగం, వ్యవసాయం చేసేవాడు. కుటుంబం మిస్సోరీకి వలస వచ్చింది. బర్నెట్‌కు బడి చదువు తక్కువ. న్యాయశాస్త్రం పుస్తకాలు పెట్టుకుని తనంతట తానే నేర్చుకున్నాడు. దుకాణం పెట్టి నష్టపోయాడు. పత్రిక నడిపాడు. మళ్లీ వ్యాపారంలో దిగి అప్పులపాలయ్యాడు. ఆ అప్పులు తీర్చడానికే పూర్తిగా ప్లీడరీలోకి వచ్చాడు. ఎంతకాలం పట్టినా అణా పైసలతో తీర్చాలన్నది అతని పట్టుదల, చివరికి తీర్చాడు కూడా. ఈ విషయంలో అతని నిజాయితీని నేను శంకించను. అప్పిచ్చినవాడి హక్కును అతను జీవితాంతం గౌరవించాడు.

1843లో భార్య ఆరోగ్యం బాగా లేదు, అప్పులు తరగడం లేదు. ఆ సమయంలో సెనేటర్ లిన్ ప్రతిపాదించిన బిల్లు ఒకటి అతని దృష్టికి వచ్చింది. ఒరెగాన్‌కు వలస వెళ్లే ప్రతి పురుషుడికీ 640 ఎకరాలు, ఒక్కొక్క బిడ్డకూ 160 ఎకరాలు ఉచితంగా ఇవ్వాలని ఆ బిల్లు. బర్నెట్‌కు ఆరుగురు పిల్లలు. లెక్క వేసుకున్నాడు: 1,600 ఎకరాలు. అప్పులవాళ్ల అనుమతి తీసుకుని, వలస వెళ్దాం రండని ఊరూరా ఉపన్యాసాలిచ్చి, మే నెలలో బండ్లు కట్టించాడు. సుమారు వెయ్యి మంది నడిచిన ఆ వలసకు మొదట అతన్నే నాయకుడిగా ఎన్నుకున్నారు. వారం తిరిగేసరికి ఆ పదవి వదులుకున్నాడు. ఆ బిల్లు సెనేట్‌లో గట్టెక్కినా చట్టం కాలేదన్నది వేరే సంగతి. ఒరెగాన్‌పై అమెరికాకూ బ్రిటన్‌కూ మధ్య వివాదం అప్పటికింకా తేలనేలేదు. అక్కడ ఉంటున్న ఆదివాసుల మాట ఆ లెక్కలో ఎక్కడా లేదు.

ఒరెగాన్‌లో తెల్లవారు తాత్కాలిక ప్రభుత్వం ఒకటి ఏర్పాటు చేసుకున్నారు. చట్టాలు రాయడం తెలిసినవాడు దొరికాడు కనుక 1844లోనే బర్నెట్ శాసన కమిటీలో కూర్చున్నాడు. ఆ జూన్‌లో అతని చొరవతో వచ్చిన శాసనం బానిసత్వాన్ని నిషేధించింది. అక్కడితో ఆగితే చప్పట్లు కొట్టవచ్చు. కాని నల్లజాతివారెవరూ ఆ గడ్డమీద ఉండరాదని అదే శాసనం చెప్పింది. మగవాళ్లు రెండేళ్లలో, ఆడవాళ్లు మూడేళ్లలో వెళ్లిపోవాలి. వెళ్లకపోతే 20కి తక్కువ కాకుండా, 39కి మించకుండా కొరడా దెబ్బలు. ఆరు నెలలకోసారి, వెళ్లేవరకూ. అంటే బానిసను విడిపించి, విడిపోయిన మనిషిని వెళ్లగొట్టడం. బానిసల పోటీ వద్దు, స్వేచ్ఛ పొందిన నల్లవాడి పక్కన పొలమూ వద్దు.

డిసెంబరులో బర్నెట్ ఆ చట్టానికి సవరణ తెచ్చాడు. కొరడా తీసేశాడు. దాని బదులు, పట్టుబడిన మనిషిని బహిరంగంగా పనికి అప్పగించాలి. ఎవరు అతి తక్కువ కాలం పని చేయించుకుని అతన్ని దేశం దాటిస్తామని పూచీపడితే వారికి. ఈ సవరణను పాఠకులు గుర్తుపెట్టుకోవాలని కోరుతున్నాను. మళ్లీ దీని పని పడుతుంది.

1845లో, అమలుకు రాకముందే, ఆ చట్టం రద్దయింది. అయినా ఊరికే పోలేదు. జార్జ్ వాషింగ్టన్ బుష్ అనే నల్లజాతి సంతతి రైతు 1844లో కుటుంబంతో, తెల్ల స్నేహితులతో కలిసి వచ్చి, ఈ చట్టం సంగతి తెలిసి కొలంబియా నదికి ఉత్తరంగా, దాని చెయ్యి ఆనని చోటికి పోయి స్థిరపడ్డాడు. 1849లో మరో బహిష్కరణ చట్టం వచ్చింది. దాని కింద 1851లో జేకబ్ వాండర్‌పూల్ అనే వ్యక్తిని నిజంగానే వెళ్లగొట్టారు. 1857లో రాసుకున్న ఒరెగాన్ రాజ్యాంగంలోనే బహిష్కరణ నిబంధన చేరింది. అది 1926 దాకా రద్దు కాలేదు.

ఆత్మకథలో బర్నెట్ ఈ చట్టం గురించి సుదీర్ఘంగా సంజాయిషీ ఇచ్చుకున్నాడు. ఒరెగాన్ చరిత్ర రాసిన గ్రే తన మొదటి చట్టాన్నే చూపించి, సవరణను దాచిపెట్టాడని అతని ఫిర్యాదు. రికార్డు పూర్తిగా చూపలేదన్న ఆ అభ్యంతరం ప్లీడరుగా నాకు న్యాయంగానే తోచింది. కాని ఎంత వెతికినా, కొరడా బదులు అప్పగింత వస్తే మనిషికి ఒరిగేదేమిటన్న ప్రశ్న ఆ సంజాయిషీలో నాకు కనబడలేదు.

1848లో కాలిఫోర్నియాలో బంగారం పడిందన్న వార్త ఒరెగాన్ చేరింది. బర్నెట్ 150 మంది మగవాళ్లతో, 50 బండ్లతో దక్షిణానికి దారి తీశాడు. కొద్ది వారాలు యూబా నదిలో ఇసుక కడిగాడు. తర్వాత అంతకంటే మంచి గని దొరికింది: జాన్ సట్టర్ ఆస్తి. మెక్సికో ప్రభుత్వం 1841లో సట్టర్‌కు ఇచ్చిన విశాలమైన భూమి అది. నిసెనన్, మీవాక్ జాతుల ఆదివాసుల నేల. వారి శ్రమతోనే అతని కోటా, పొలాలూ నడిచేవి. సట్టర్ కొడుక్కి బర్నెట్ ఏజెంటు అయ్యాడు. శాక్రమెంటో అనే కొత్త పట్టణానికి స్థలాలు కొలిపించి అమ్మడం అతని పని. అమ్మకాల మొత్తంలో నాలుగో వంతు అతని వాటా. అప్పులు తీరే దారి పడింది ఇక్కడే. ఇసుక కడిగినవాళ్లలో ఎక్కువమంది చేతులూపుకుంటూ పోయారు. స్థలాలమ్మిన ప్లీడరు 1849 నవంబరు 13న జరిగిన ఎన్నికలో కాలిఫోర్నియా మొదటి పౌర గవర్నరుగా గెలిచాడు. ఓడిపోయిన అభ్యర్థుల్లో పెద్ద సట్టర్ కూడా ఉన్నాడు.

గవర్నరుగా శాసనసభకు పంపిన మొదటి సందేశంలోనే పాత పాట ఎత్తుకున్నాడు: స్వేచ్ఛాజీవులైన నల్లవారిని రాష్ట్రంలోకి రానివ్వవద్దు. వాదన చూడండి. వారికి ఇతరులతో సమానంగా అన్ని హక్కులూ ఇవ్వాలి, లేదా అసలు రానివ్వకూడదు; సగం హక్కులతో ఉంచితే అసంతృప్తి పుడుతుంది. తర్కంలో లోపం లేదు. రెండు దారుల్లో మొదటిది తనకు తెలిసి కూడా రెండోదాన్ని ఎంచుకున్నాడు. శాసనసభ ఈ ఒక్క విషయంలో అతని మాట చట్టం చేయలేదు.

ఇతర విషయాల్లో చాలా చేసింది. 1850 ఏప్రిల్‌లో విదేశీ గనికార్మికులపై నెలకు 20 డాలర్ల పన్ను వేశారు; మెక్సికన్లు, చిలీ వారు గనులు వదిలి పోయారు. అదే నెల 22న బర్నెట్ పాలనలో మరో చట్టం వచ్చింది. పేరు వింటే మనసు చల్లబడుతుంది: ఇండియన్ల పరిపాలన, రక్షణ చట్టం. ఇక్కడ ఇండియన్లంటే మనం కాదు. మనం రెడ్ ఇండియన్లని పిలవడం నేర్చుకున్న ఆ ఖండపు ఆదివాసులు. ఈ చట్టం ప్రకారం ఆదివాసి పిల్లలను తెల్లవారు తమ సంరక్షణలోకి తీసుకుని మగపిల్లలైతే 18 ఏళ్లు, ఆడపిల్లలైతే 15 ఏళ్లు వచ్చేదాకా పని చేయించుకోవచ్చు. పని లేకుండా తిరుగుతున్నాడని ఎవరైనా తెల్లవాడు ఫిర్యాదు చేస్తే ఆదివాసిని పట్టుకుని, 24 గంటల్లో వేలం వేసి, హెచ్చు పాటదారుకు నాలుగు నెలల వరకూ అప్పగించవచ్చు. ఆదివాసి ఫిర్యాదు చేసుకోవచ్చు. కాని ఆదివాసి సాక్ష్యంతో ఏ తెల్లవాడికీ శిక్ష పడదు.

ఒరెగాన్ సవరణ ఇక్కడ మళ్లీ కనబడుతున్నది కదా! ఈ చట్టం ముసాయిదా బర్నెట్ రాసింది కాదు. అయినా కొరడా స్థానంలో పాటదారు వచ్చే ఆ పద్ధతి అతనికి కొత్త కాదు. లాస్ ఏంజలస్‌లో ఇది వారం వారం సంత అయింది. ద్రాక్షతోటల్లో పనిచేసిన ఆదివాసులకు కూలిలో కొంత సారాయిగా ఇచ్చేవారు. తాగి పడితే ఆదివారం పట్టుకునేవారు. సోమవారం తోటల యజమానులకే వేలం వేసేవారు. వారం చివర మళ్లీ సారాయి. మన వెట్టి వ్యవస్థలు తెలిసినవారికి దీన్ని విడమర్చి చెప్పనక్కరలేదు.

ఆ చట్టం వచ్చిన మూడు వారాలకు, మే 15న, క్లియర్ లేక్ దగ్గర పోమో జాతివారిని స్త్రీలూ పిల్లలూ అని చూడకుండా అమెరికా సైన్యం చంపింది. వారిని బానిసలుగా వాడుకుని, తిండి లేకుండా మాడ్చిన స్టోన్, కెల్సీ అనే ఇద్దరు తెల్లవారిని పోమోలు చంపినందుకు అది ప్రతీకారం. ఆ సైన్యం గవర్నరుది కాదు, కేంద్రానిది. కాని అదే ఏడాది బర్నెట్ కూడా రెండుసార్లు రాష్ట్ర సేనను ఆదివాసుల మీదికి పంపాడు.

ఇక 1851 జనవరి మొదటి వారం. రాజధాని శాన్ హోసేలో శాసనసభకు గవర్నరు వార్షిక సందేశం. అందులో ఆదివాసుల గురించిన భాగాన్ని నేను ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. మొదట అతను ఒప్పుకుంటాడు: మనం హఠాత్తుగా ఈ దేశం నలుమూలలా వ్యాపించాం, వారి సమ్మతి లేకుండా, పరిహారం ఇవ్వకుండా, మనకు నచ్చిన భాగమల్లా సొంతం చేసుకున్నాం. చిరకాలంగా, ఎడతెగకుండా, ఇతరుల ప్రమేయం లేకుండా స్వాధీనంలో ఉండడం వల్ల ఈ నేలమీద తమకు హక్కు ఉందన్న భావన వారికీ ఉంది. ఈ మాటలు చదివి ఉలిక్కిపడ్డాను. మేము సివిల్ దావాల్లో స్వాధీనం రుజువు చేయడానికి ప్లెయింటులో రాసే మాటలు ఇవే. బర్నెట్ ఆదివాసుల తరఫున ప్లెయింటు రాసి ఇచ్చాడు! ఇరవై నిమిషాల్లో డిక్రీ రావలసిన కేసు.

మరుక్షణం స్వరం మారుతుంది. తెల్లవాడికి కాలమే ధనం. పగలంతా కష్టపడినవాడు రాత్రంతా మేలుకుని పశువులను కాపలా కాయలేడు. నాలుగుసార్లు దొంగతనం జరిగేసరికి తెగించి నిర్మూలన యుద్ధానికి పూనుకుంటాడు. ఆ జాతి అంతరించేదాకా జాతుల మధ్య నిర్మూలన యుద్ధం సాగుతూనే ఉంటుందని మనం ఎదురుచూడక తప్పదు. బాధాకరమే, కాని వారి తలరాతను తప్పించడం మనిషి శక్తికీ తెలివికీ మించిన పని. ఇదీ గవర్నరు చెప్పిన సారాంశం.

నిర్మూలన! పన్నెండేళ్ల కింద మిస్సోరీ గవర్నరు ఉత్తర్వులో ఉన్నది ఈ మాటే. ఆ ఉత్తర్వు బాధితుల పక్షాన నిలబడి, ప్రాణాలకు తెగించి వాదించిన వకీలు నోటనే ఇప్పుడు అది వచ్చింది. తేడా ఒక్కటుంది. బాగ్స్ ఆజ్ఞాపించాడు, ఆజ్ఞకు కర్త ఉంటాడు, అతన్ని నిలదీయవచ్చు. బర్నెట్ ఆజ్ఞ ఇవ్వలేదు, జోస్యం చెప్పాడు. యుద్ధం సాగుతుంది, జాతి అంతరిస్తుంది. చేసేవాడెవరో ఆ వాక్యంలో లేడు. ప్లీడరు చదువు పనికి వచ్చింది ఇక్కడే.

నేను మాత్రం గొప్పవాణ్ణి కాను. వృత్తిలోకి వచ్చిన కొత్తలో, ఒక పట్టణంలో ఒక కక్షిదారు తరఫున, ఖాళీ స్థలంలో గుడిసెలు వేసుకున్నవారికి నోటీసులు తయారు చేశాను. గడువు లోపల ఖాళీ చేయనియెడల తొలగించబడుదురు అని రాశాను. ఎవరు తొలగిస్తారో రాయలేదు. అది మంచి డ్రాఫ్టింగ్ అని మా సీనియర్ మెచ్చుకున్నారు. బర్నెట్ సందేశం చదువుతుంటే ఆ క్రియాపదం గుర్తొచ్చింది.

సందేశం ఇచ్చిన రెండు మూడు రోజులకే, జనవరి 9న, అతను రాజీనామా చేశాడు. సొంత వ్యవహారాలు చూసుకోవాలన్నాడు. శాసనసభతో అంతకుముందే చెడింది. జోస్యాన్ని నిజం చేసే పని తర్వాతివారు నిష్ఠగా చేశారు. 1851, 1852 సంవత్సరాల్లో శాసనసభ ఆదివాసులపై దండయాత్రల ఖర్చుకు 11 లక్షల డాలర్ల బాండ్లు మంజూరు చేసింది. తలరాతకు బడ్జెట్ కేటాయింపు అవసరమైందన్నమాట. అదే కాలంలో కేంద్ర ప్రతినిధులు ఆదివాసి తెగలతో 18 ఒప్పందాలు కుదుర్చుకున్నారు. 1852లో సెనేట్ వాటిని రహస్య సమావేశంలో తిరస్కరించింది. ఆ కాగితాల మీద రహస్యపు ముద్ర 1905 దాకా తొలగలేదు. 1846లో సుమారు లక్షన్నర ఉన్న కాలిఫోర్నియా ఆదివాసులు 1870 నాటికి 30 వేలకు తగ్గారని చరిత్రకారుల అంచనా. రోగాలు, ఆకలి, నిర్బంధ శ్రమ, తుపాకి అన్నీ కలిసి చేసిన పని అది.

బర్నెట్ మళ్లీ ఒక్కసారి ప్రజాజీవితంలో కనబడ్డాడు. 1857–58లో రాష్ట్ర సుప్రీంకోర్టు న్యాయమూర్తి. మిస్సిసిపీ నుంచి స్టోవల్ అనే యువకుడు ఆర్చీ లీ అనే బానిసను శాక్రమెంటోకు తెచ్చి కూలికి పంపాడు. కాలిఫోర్నియాలో బానిసత్వం నిషిద్ధం. ఆర్చీ పారిపోయి నల్లవారు నడిపే హోటల్లో దాక్కున్నాడు. కేసు సుప్రీంకోర్టుకు వచ్చింది. 1858 ఫిబ్రవరిలో తీర్పు బర్నెట్ రాశాడు: చట్టప్రకారం స్టోవల్‌కు ఏ హక్కూ లేదు, కాని ఇది మొదటి కేసు, యజమాని చిన్నవాడు, ఆరోగ్యం బాగా లేనివాడు, కనుక ఈసారికి బానిసను తీసుకుపోవచ్చు! చట్టం ఒక పక్షానికి ఇచ్చి మనిషిని రెండో పక్షానికి ఇచ్చాడని ఆనాడే నవ్వుకున్నారు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని నల్లజాతి ప్రజలు నవ్వి ఊరుకోలేదు. చందాలు వేసుకుని, వకీళ్లను పెట్టి, రేవులో కాపలా కాసి, ఓడ ఎక్కించబోతున్న ఆర్చీని మార్చిలో పోలీసుల చేత ఆపించారు. ఏప్రిల్ 14న కేంద్ర కమిషనరు అతన్ని విడుదల చేశాడు. ఆ తర్వాత ఆర్చీ, వందలాది నల్లవారు కాలిఫోర్నియా వదిలి బ్రిటిష్ కొలంబియాకు వలస పోయారు. ఈ మొత్తం చరిత్రలో చట్టాన్ని చట్టంగా నమ్మినవాళ్లు నాకు కనిపించింది ఇక్కడే.

బర్నెట్ 1863 నుంచి 1880 దాకా శాన్‌ఫ్రాన్సిస్కోలో పసిఫిక్ బ్యాంకు అధ్యక్షుడు. 1895లో మరణించాడు. 2019 జూన్ 18న కాలిఫోర్నియా గవర్నర్ గావిన్ న్యూసమ్ ఆదివాసుల ప్రతినిధుల ముందు ఆనాటి సందేశాన్ని ప్రస్తావించి, జరిగినదాన్ని జాతిహత్య అనే పేరుతోనే పిలిచి, రాష్ట్రం తరఫున క్షమాపణ చెప్పాడు. శాన్ హోసేలో బర్నెట్ పేరున్న ఒక పాఠశాలకు ఆ నేల తాలూకు మువెక్మా ఓలోనీ జాతి పేరు పెట్టారు.

చిన్న విషయం ఒకటి మిగిలింది. మార్మన్లపై నిర్మూలన ఉత్తర్వు ఇచ్చిన లిల్‌బర్న్ బాగ్స్ కూడా 1846లో కాలిఫోర్నియాకే వచ్చాడు. సొనోమాలో మెజిస్ట్రేటు వంటి అధికారం చేశాడు. బర్నెట్ గవర్నరుగా ఉన్న రోజుల్లో ఇద్దరూ ఒకే రాష్ట్రంలో పెద్దమనుషులు.

కథ చెప్పడం మానేశానన్నాను కదా. ఈమధ్య మళ్లీ మొదలుపెట్టాను. లిబర్టీ కోర్టు గదిలో ఆపకుండా శాన్ హోసే దాకా చెబుతున్నాను. మొన్న ఒక జూనియరు అంతా విని, "మార్మన్ల కేసులో ఆయన ఫీజు ఎంత తీసుకున్నాడు సార్?" అని అడిగింది. కాస్త ఆలోచించి, పోమోల తరఫున వకాల్తా ఎవరు వేశారని కూడా అడిగింది.